పోయేటప్పుడు అదే రోజు, వచ్చేటప్పుడు రెండు రోజులా?

ప్రశ్న: మాది చిత్తూరు. నాకు 61 ఏళ్లు, మా ఇంటాయనకు 67. ఆయన ఆర్టీసీ డ్రైవరుగా చేసి రిటైరయ్యారు, సర్వీసులో ఎక్కువ కాలం తిరుమల ఘాట్‌లోనే బస్సు నడిపారు. ఇద్దరికీ బీపీ, ఆయనకు షుగర్ కూడా. మా అమ్మాయి డల్లాస్‌లో ఉంది, ఫిబ్రవరిలో కాన్పు. సంక్రాంతి అయ్యాక జనవరి 20న పోయేటట్టు అల్లుడు టికెట్లు చూసి పెట్టాడు, ఇంకా కొనలేదు. తెల్లవారుజామున 3.50కి చెన్నైలో ఎక్కి, దోహాలో మారితే, అదే రోజు మధ్యాహ్నం 3.10కి డల్లాస్‌లో దిగుతామట. జూన్‌లో తిరిగి వచ్చేటప్పుడు మాత్రం 4వ తేదీ సాయంత్రం 6కి అక్కడ ఎక్కితే 6వ తేదీ తెల్లవారుజామున 1.55కి చెన్నై. మా ఆయన లెక్కలో పోవడానికి పదకొండు గంటల ఇరవై నిమిషాలే. నెట్‌లో చూస్తే చెన్నై నుంచి డల్లాస్‌కు 14,900 కిలోమీటర్లు, 17 గంటలు అని ఉంది. అల్లుడేమో 23 గంటలు అంటాడు. ఎవరి మాట నమ్మేది? వచ్చేటప్పుడు ఒక రోజును ఎవరు తినేస్తున్నారు? విమానం ఉత్తర ధ్రువం మీదుగా పోతుందని పక్కింటి పిల్లవాడు చెప్పినప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. చెన్నైలో ఎక్కడం మంచిదా, బెంగళూరా, లేక రేణిగుంటలో ఎక్కి హైదరాబాద్ నుంచి పోవడమా? కరివేపాకు తీసుకుపోవచ్చా?

జవాబు: అమ్మా, మీ ఇంట్లో పంచాయితీ పెట్టుకోవాల్సిన పని లేదు. ముగ్గురూ మూడు వేర్వేరు సంగతులు చెబుతున్నారు. మీ ఆయన రెండు ఊళ్ల గడియారాలను ఒకదానిలోంచి ఒకటి తీసేశారు. నెట్ దూరాన్ని వేగంతో భాగించింది. అల్లుడు మాత్రం విమానంలో కూర్చునే గంటలు, మధ్యలో కాచుకునే గంటలు కూడి చెప్పాడు. మీ మోకాళ్లకు తెలిసేది అల్లుడి లెక్కే. అది కూడా పూర్తి లెక్క కాదు, ఆ సంగతి కింద చెబుతాను.

ముందు గడియారం. టికెట్టు మీద ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే వేస్తారు. 3.50 అన్నది చెన్నై టైమ్, 3.10 అన్నది డల్లాస్ టైమ్. మన దేశం మొత్తానికి టైమ్ ఇచ్చే రేఖ 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం, మన కాకినాడ దగ్గరగానే పోతుంది. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున లండన్ పక్కనున్న గ్రీనిచ్ కన్నా మనం ఐదున్నర గంటలు ముందుంటాం. డల్లాస్ చలికాలంలో గ్రీనిచ్ కన్నా ఆరు గంటలు వెనక. రెండూ కలిపితే పదకొండున్నర. అంటే మీరు డల్లాస్‌లో మధ్యాహ్నం 3.10కి దిగేసరికి చిత్తూరులో మర్నాడు, 21వ తేదీ, తెల్లవారుజామున 2.40 అయి ఉంటుంది. 20న 3.50 నుంచి 21న 2.40 దాకా లెక్కేయండి, 22 గంటల 50 నిమిషాలు. అల్లుడు పది నిమిషాలు పైకి సవరించి 23 అన్నాడంతే.

అందులో చెన్నై నుంచి దోహాకు 4 గంటల 50 నిమిషాలు, దోహాలో ఆగేది గంటా యాభై, అక్కడి నుంచి డల్లాస్‌కు 16 గంటల 10 నిమిషాలు. టికెట్టు కింద చిన్న అక్షరాల్లో ఇవన్నీ ఉంటాయి, పెద్ద అక్షరాల్లో ఉన్న రెండు టైములే అందరూ చూస్తారు.

ఇక తిరుగు ప్రయాణం. జూన్‌కు అమెరికాలో గడియారాలు ఒక గంట ముందుకు జరిగి ఉంటాయి. ఏటా మార్చి రెండో ఆదివారం అక్కడ గంట ముందుకు తిప్పుతారు, నవంబరు మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి పెడతారు. కాబట్టి జూన్‌లో మనకూ డల్లాస్‌కూ తేడా పదిన్నర గంటలే. 4వ తేదీ సాయంత్రం 6 అంటే మనకు 5వ తేదీ తెల్లవారుజామున 4.30. అప్పటి నుంచి 6వ తేదీ 1.55కి 21 గంటల 25 నిమిషాలు. పోయేదాని కన్నా దాదాపు గంటన్నర తక్కువే! రెండు రోజులు పట్టినట్టు కనిపించేది కాగితం మీదే.

రోజును ఎవరూ తినేయలేదు. పోయేటప్పుడు పదకొండున్నర గంటలు మీకు చేబదులుగా దొరికాయి. అందులో ఒక గంట మార్చిలో ఆదివారం తెల్లవారుజామున మీరు నిద్రపోతుండగానే తీసేసుకుంటారు, మిగతా పదిన్నర తిరుగు ప్రయాణంలో కట్టించుకుంటారు. చెల్లుకు చెల్లు.

ఇప్పుడు దూరం. ఇది నాకు ఇష్టమైన భాగం, కాస్త ఓపిక పట్టండి.

నెట్ చెప్పే 14,900 కిలోమీటర్లు రోడ్డు కొలత లాంటిది కాదు. గుండ్రటి భూమి మీద రెండు విమానాశ్రయాల మధ్య దారం బిగించి పట్టుకుంటే ఎంత పొడుగొస్తుందో ఆ కొలత. గోడకు వేలాడే పటంలో చెన్నై నుంచి డల్లాస్‌కు స్కేలు పెట్టి గీత గీస్తే అది అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పోతుంది. నిజానికి అది దగ్గరి దారి కాదు. బంతి లాంటి భూమిని చాప లాగా పరిచి గీసిన పటం కాబట్టి ఉత్తరాన ఉన్న దేశాలు అందులో సాగిపోతాయి. మామూలు గోడ పటంలో గ్రీన్‌లాండ్ మన దేశం కన్నా ఎన్నో రెట్లు పెద్దగా కనిపిస్తుంది. అసలు విస్తీర్ణంలో మన దేశమే దానికి ఒకటిన్నర రెట్లు. ఇంట్లో బత్తాయి పండు ఉంటే తీసుకోండి, తొడిమను ఉత్తర ధ్రువం అనుకోండి. తొడిమకు అటూ ఇటూ ఎదురెదురుగా రెండు చుక్కలు పెట్టి, వాటిని కలపడానికి పండు నడుము చుట్టూ దారం తిప్పి చూడండి, తర్వాత తొడిమ మీదుగా తిప్పి చూడండి. ఏది పొట్టిదో చేతికే తెలుస్తుంది.

మన ప్రాంతానికీ డల్లాస్‌కూ ఉన్న చుట్టరికం సరిగ్గా ఇదే. చెన్నై 80 డిగ్రీల తూర్పున ఉంది. డల్లాస్ 97 డిగ్రీల పడమర. కూడితే 177. భూమికి సరిగ్గా అవతలి వైపు అంటే 180. అంటే తిరుపతిలోనో చిత్తూరులోనో నిలబడి నేరుగా ఉత్తరం పట్టుకుని పోతూ పోతూ ధ్రువం దాటి అవతలికి దిగితే కాస్త అటూ ఇటూగా డల్లాస్ పక్కనే తేలతాం. మీ ఆయనకు పెన్సిలిచ్చి ఈ లెక్క చేయించండి. చెన్నై భూమధ్యరేఖకు 13 డిగ్రీల పైన ఉంది, ధ్రువానికి ఇంకా 77 డిగ్రీలు ఎక్కాలి. డల్లాస్ 33 డిగ్రీల దగ్గర ఉంది, ధ్రువం నుంచి 57 డిగ్రీలు దిగాలి. 77, 57 కలిపితే 134. ఒక్కో డిగ్రీకి 111 కిలోమీటర్లు. గుణిస్తే 14,874. నెట్‌లో మీరు చూసిన 14,900 ఇదే! కంప్యూటరు అవసరం లేకుండా కరెంటు బిల్లు వెనక వేసుకోగల లెక్క.

పక్కింటి పిల్లవాడు చెప్పింది ఈ గీత సంగతే. అతను చెప్పిన దాంట్లో తప్పు లేదు, కానీ మీ విమానం ఆ గీత మీద పోదు. చెన్నై నుంచి డల్లాస్‌కు నేరుగా పోయే విమానం లేదు, మీరు దోహా మీదుగా పోతున్నారు. దోహాకు సుమారు 3,300 కిలోమీటర్లు, అక్కడి నుంచి డల్లాస్‌కు సుమారు 12,750. మొత్తం 16,000 పైచిలుకు. దోహా నుంచి డల్లాస్‌కు దారం బిగిస్తే అది ఐస్‌లాండ్ దగ్గరగా, 64 డిగ్రీల దాకా ఎక్కి, గ్రీన్‌లాండ్ దక్షిణపు కొస, కెనడా మీదుగా కిందికి దిగుతుంది. ధ్రువానికి ఇంకా 26 డిగ్రీలు, అంటే దాదాపు 2,900 కిలోమీటర్ల దూరం ఉంటుంది. ఆ రోజు గాలిని బట్టి పైలట్లు ఈ దారిని కొంచెం పైకీ కిందికీ జరుపుతారు. యుద్ధాల వల్ల కూడా దారులు మారుతున్నాయి. 2022 ఫిబ్రవరి తర్వాత యూరప్, అమెరికా కంపెనీల విమానాలకు రష్యా ఆకాశం మూసుకుపోయింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకు తన ఆకాశం మూసింది. అప్పటి నుంచి ఢిల్లీ నుంచి పడమరకు పోయే మన విమానాలు చుట్టు తిరగాల్సి వచ్చింది. అందుకే నెట్‌లోని దూరాన్ని చూసి గంటలు కట్టకూడదు.

చలి భయం కూడా వదిలేయండి. 35,000 అడుగుల ఎత్తున బయట మైనస్ 40, 50 డిగ్రీలు మామూలు. మే నెల మిట్టమధ్యాహ్నం చిత్తూరు ఎండలో మనం మాడిపోతున్నప్పుడు కూడా మన నెత్తిన అంత ఎత్తులో అంతే చలి. ఆ చలిలో విమానానికి కొత్తేమీ లేదు. ధ్రువం దగ్గర పోయేవాళ్లు ఇంధనం గడ్డ కట్టకుండా దాని వేడిని చూసుకుంటూ ఉంటారు, మన వైపు విమానాల్లో నింపే రకం మైనస్ 47 దాకా గడ్డ కట్టదు. ధ్రువం మీదుగా పోయినవాళ్లూ క్షేమంగానే వచ్చారు. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఎయిరిండియా వేసిన మొదటి నేరు విమానాన్ని ధ్రువం మీదుగానే నడిపారు. కాక్‌పిట్‌లో ఉన్నది అందరూ ఆడవాళ్లే, కెప్టెన్ జోయా అగర్వాల్. దాదాపు 14,000 కిలోమీటర్లు, 17 గంటలు. అమ్మాయిని కాన్పుకు చూడబోయే తల్లికి ఈ ముక్క ధైర్యం ఇస్తుందని చెబుతున్నాను.

ఇంకో వింత మీరు కిటికీలోంచి చూడొచ్చు. దోహాలో పొద్దున 8కి బయల్దేరే విమానం పదహారు గంటలు ఎగిరి మధ్యాహ్నం 3.10కి దిగుతుంది. దారి పొడుగునా పగలే. మీరు పడమరకు పోతున్నారు, సూర్యుడూ పడమరకే. భూమధ్యరేఖ దగ్గర సూర్యుడితో పరుగు పందెం పెట్టుకుంటే గంటకు 1,670 కిలోమీటర్లు పోవాలి, ఈ విమానాల వల్ల కాదు. ఐస్‌లాండ్ దగ్గర మాత్రం భూమి చుట్టుకొలత తగ్గిపోతుంది కాబట్టి గంటకు 730 చాలు. మీ విమానం 900 దగ్గర పోతుంది. కొంతసేపు మీరు సూర్యుడిని దాటేస్తారు, పొద్దు ముందుకు పోయే బదులు వెనక్కి పోతుంది. కిటికీ మూసి పడుకోమంటారు, ఒకసారి ఎత్తి చూడండి.

పోయేటప్పుడు ఎక్కువ సేపు, వచ్చేటప్పుడు తక్కువ ఎందుకని మీ ఆయన అడిగితే ఆయనకు తెలిసిన ఘాట్ రోడ్డే గుర్తు చేయండి. తిరుమలకు 1944లో వేసిన మొదటి రోడ్డు ఇప్పుడు దిగడానికి, 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి. ఎక్కే బండికి కనీసం 28 నిమిషాలు, దిగే బండికి 40 నిమిషాలు అని నిబంధన. కొండ ఒకటే, పోను ఒక టైమ్, రాను ఒక టైమ్. అక్కడ కారణం వాలు, మలుపులు. ఆకాశంలో కారణం గాలి. తొమ్మిది, పన్నెండు కిలోమీటర్ల మధ్య ఎత్తులో పడమర నుంచి తూర్పుకు నది లాంటి గాలి పారుతూ ఉంటుంది, దాన్ని జెట్ స్ట్రీమ్ అంటారు. గంటకు వంద కిలోమీటర్లకు పైనే, చలికాలంలో మూడు వందలు దాటిన సందర్భాలూ ఉన్నాయి. అమెరికాకు పోయేటప్పుడు ఏటికి ఎదురీత, వచ్చేటప్పుడు ఏటి వాలు. 2020 ఫిబ్రవరిలో తుపాను గాలి వీపున తన్నుతుంటే ఒక ప్రయాణికుల విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో వచ్చేసింది. మామూలుగా అది ఆరు గంటలు దాటే ప్రయాణం.

భూమి తిరగడం వల్ల ఈ తేడా వస్తుందని చాలామంది అంటారు. విమానం పైకెగిరి అక్కడే నిలబడితే కింద అమెరికా తనంతట తానే రావాలి కదా అని ఒక పెద్దమనిషి నాతో గంటసేపు వాదించారు. సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో కూర్చుని రూపాయి బిళ్ల పైకెగరేస్తే అది వెనక బోగీలో పడుతుందా? మన చేతిలోనే పడుతుంది. బోగీలోని గాలి, బిళ్ల, మనం అందరం రైలుతో పాటే పోతున్నాం. భూమి తిరిగేటప్పుడు దాని మీది గాలి కూడా కలిసే తిరుగుతుంది. ఆ పెద్దమనిషి ఒప్పుకోలేదనుకోండి, అది వేరే సంగతి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. దూరం మీద మీకు ఏ మాత్రం పట్టు లేదు. దోహా బదులు దుబాయి మీదుగా పోయినా, లండన్ మీదుగా పోయినా, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా పోయినా చెన్నై నుంచి డల్లాస్‌కు మొత్తం 15,900 దగ్గరే తేలుతుంది, నేను అన్నీ లెక్కేసి చూశాను. నేరుగా పోయే గీత కన్నా వెయ్యి కిలోమీటర్లే ఎక్కువ, అంటే గంటా గంటంబావు. టికెట్లలో 23 గంటలు, 28 గంటలు, 36 గంటలు అని కనిపించే తేడా అంతా మధ్యలో కుర్చీల మీద కాచుకునే గంటలది. రెండు వేలు తక్కువ అని పిల్లలు ఒక్కోసారి తొమ్మిది, పది గంటలు ఆగే టికెట్టు కొనేస్తారు. పాతికేళ్ల కుర్రవాడు నేల మీద దుప్పటి పరుచుకుని పడుకుంటాడు. షుగర్ ఉన్న 67 ఏళ్ల మనిషికి అది శిక్ష. అలాగని మరీ తక్కువా వద్దు. అమెరికా విమానానికి గేటు దగ్గర మళ్లీ ఒకసారి తనిఖీ చేసే చోట్లు ఉన్నాయి, దానికి టైమ్ పడుతుంది. మీ వయసుకు నేనైతే రెండు నుంచి మూడున్నర గంటలు చూస్తాను. మీ అల్లుడు చూసిన గంటా యాభై కొంచెం బిగుతే, కానీ రెండు విమానాలూ ఒకే టికెట్టులో ఉండి, వీల్‌చైర్ అడిగి పెట్టుకుంటే సరిపోతుంది. వీల్‌చైర్‌కు డబ్బు కట్టక్కర్లేదు, టికెట్టు కొనేటప్పుడే చెప్పాలి. నడవగలిగిన వాళ్లం, ఎందుకులే అని మొహమాట పడకండి. అది నడవలేక కాదు, దారి వెతుక్కోలేక.

ఎక్కడ ఎక్కాలి? చెన్నై. చిత్తూరు నుంచి రాణిపేట, శ్రీపెరంబుదూరు మీదుగా మీనంబాక్కం విమానాశ్రయానికి సుమారు 150 కిలోమీటర్లు, మూడున్నర గంటలు పెట్టుకోండి. బెంగళూరు విమానాశ్రయం ఊరికి ఉత్తరాన దేవనహళ్లిలో ఉంది కాబట్టి పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా ఊళ్లోకి దిగకుండానే పోవచ్చు, సుమారు 180. పలమనేరు వాళ్లయితే కళ్లు మూసుకుని బెంగళూరే అనేవాణ్ణి. చిత్తూరు వాళ్లకు రెండూ దగ్గరదగ్గరగా ఉన్నాయి. బెంగళూరు టికెట్టులో ఆగే సమయం బాగుంటే అటే పోండి, లేదంటే చెన్నై.

రేణిగుంట మాత్రం ఈ ప్రయాణానికి వద్దు. ఇది అనుభవం మీద చెబుతున్నాను. కొన్నేళ్ల కిందట ఇంటి పక్కనే ఎక్కొచ్చు కదా అని రేణిగుంట నుంచి హైదరాబాద్‌కు ఒక టికెట్టు, హైదరాబాద్ నుంచి అమెరికాకు ఇంకో టికెట్టు విడివిడిగా కొన్నాను. మొదటి దెబ్బ సామాను దగ్గర తగిలింది. అమెరికా టికెట్టుకు 23 కిలోల పెట్టెలు రెండు అన్నారు, దేశంలో తిరిగే విమానానికి 15 కిలోలే. మిగతాదానికి కౌంటరులో కిలోకింత అని కట్టాను. రెండో దెబ్బ వాన. రేణిగుంటలో విమానం మూడు గంటలు లేటయింది. హైదరాబాద్ చేరేసరికి పెద్ద విమానం వెళ్లిపోయింది. రెండు టికెట్లు వేరు కాబట్టి వీళ్లు మాకు సంబంధం లేదన్నారు, వాళ్లు మీరే రాలేదన్నారు. కంపెనీల పేర్లు ఎందుకుగానీ, తప్పు ఎక్కువ నాదే. ఒకే టికెట్టు నంబరు మీద అన్ని విమానాలూ ఉంటే ఒకటి లేటైనా తర్వాతి దాంట్లో ఎక్కించే పూచీ వాళ్లది. మీ అల్లుడికి ఈ ఒక్క మాట గట్టిగా చెప్పండి.

ఇప్పుడు పైన దాచిపెట్టిన పూర్తి లెక్క. 3.50 విమానానికి మూడు గంటల ముందు, అంటే 12.50కి మీరు లోపల ఉండాలి. దారికి మూడున్నర, టైరు పంక్చరుకూ టీకీ ట్రాఫిక్కుకూ ఇంకో గంటంబావు. చిత్తూరులో రాత్రి 8కి కారెక్కాలి. డల్లాస్‌లో 3.10కి దిగాక ఇమిగ్రేషన్ క్యూ, పెట్టెలు, అల్లుడి కారు, ఇల్లు చేరేసరికి సాయంత్రం 5.30 అనుకుందాం. మనకు అది 21వ తేదీ తెల్లవారుజాము 5. గుమ్మం నుంచి గుమ్మానికి 33 గంటలు. నెట్ చెప్పిన 17 ఎక్కడ, ఈ 33 ఎక్కడ! గాల్లో ఉండేది అందులో 21 గంటలే. మిగతా పన్నెండు గంటలు నేల మీదే. బస్సు నడిపిన మనిషికి ఇది చప్పున అర్థమవుతుంది, రన్నింగ్ టైమ్ వేరు, డ్యూటీ టైమ్ వేరు.

రాత్రి 8 అన్నానే, ఏ తేదీ? 19. ఇది రాసేటప్పుడు అండర్‌లైన్ చేయాలనిపిస్తోంది. టికెట్టు మీద 20 అని ఉంటుంది కాబట్టి 20న అన్నం తిని రాత్రి బయల్దేరి, చెన్నై పోయి, మీ విమానం నిన్ననే వెళ్లిపోయింది అనిపించుకున్న వాళ్లు నాకే ఇద్దరు తెలుసు. మనవాళ్లు ఎక్కువగా ఇక్కడే దెబ్బ తింటారు, దానికి కారణం కూడా ఉంది. మన పంచాంగంలో పొద్దు పొడిస్తేనే రోజు మారుతుంది. తెల్లవారుజామున 3.50 మనకు ఇంకా ముందురోజు రాత్రే. విమానాలకు అర్ధరాత్రి 12 కొట్టగానే తేదీ మారుతుంది. ప్రయాణానికి మంచి రోజు చూసుకుంటారు కదా, అయ్యవారిని 20వ తేదీ గురించి అడగకండి. ఇంట్లోంచి అడుగు బయట పెట్టేది 19 రాత్రి 8కి, దాన్ని చూడమనండి.

ఆ మాటకొస్తే పుట్టబోయే బిడ్డ సంగతి కూడా. ఏ దేశంలో పుట్టినా ఊరిని బట్టి నక్షత్రం మారదు, చంద్రుడు అందరికీ ఒక్కడే, అక్కడి టైముకు ఫిబ్రవరిలో పదకొండున్నర గంటలు కలిపి మన పంచాంగంలో చూసుకోవచ్చు. లగ్నం మాత్రం ఊరిని బట్టి మారుతుంది. జాతకం రాయించేటప్పుడు డల్లాస్ అని, అక్కడి టైమ్ అని స్పష్టంగా చెప్పండి.

మందుల గురించి మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. మందులన్నీ చేతి సంచిలో, డాక్టరు చీటీతో సహా. పెద్ద పెట్టెలో వేస్తే పెట్టె ఒక రోజు ఆలస్యంగా వస్తే ఏం చేస్తారు? పదకొండున్నర గంటల తేడా వచ్చినప్పుడు పొద్దుటి మాత్ర ఎప్పుడు వేసుకోవాలి, మీ ఆయన ఇన్సులిన్ వాడుతుంటే ఎప్పుడు ఎంత అన్నది బయల్దేరే ముందే మీ డాక్టరును అడిగి కాగితం మీద రాయించుకోండి. పదహారు గంటల విమానంలో కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డ కట్టే ప్రమాదం ఉంటుంది, గంటన్నరకోసారి లేచి వెనక దాకా నడిచి రండి, నీళ్లు తాగుతూ ఉండండి. అందుకే నడవ పక్క సీటు అడగండి. సూర్యుణ్ణి చూడటానికి కిటికీ కావాలంటారేమో, వెనక తలుపు దగ్గర చిన్న కిటికీ ఉంటుంది, నడకకు పోయినప్పుడు అందులోంచి చూడొచ్చు.

దిగిన రోజు సాయంత్రం మీ ఒంటికి అది తెల్లవారుజాము. నిద్ర ముంచుకొస్తుంది. ఆరింటికే పడుకుంటే అర్ధరాత్రి లేచి కూర్చుంటారు. అమ్మాయితో మాట్లాడుతూ ఎనిమిది, తొమ్మిది దాకా లాగండి. నాలుగైదు రోజులకు సర్దుకుంటుంది. వచ్చాక ఇక్కడ ఇంకా ఎక్కువ రోజులు పట్టొచ్చు, తూర్పుకు వచ్చినప్పుడు చాలామందికి అంతే.

కరివేపాకు వద్దు. పచ్చిది తీసుకుపోనివ్వరు, నిమ్మజాతి చెట్లకు తెగులు తెచ్చే పురుగులు దాంతో వస్తాయని అక్కడి వాళ్ల భయం. పచ్చి కూరగాయలు, పళ్లు, విత్తనాలు కూడా వద్దు. పొడులు, తిరుపతి లడ్డు ఫరవాలేదు, కాకపోతే తినే వస్తువులు ఉన్నాయని ఫారంలోనో అడిగినప్పుడో దాచకుండా చెప్పండి. కారప్పొడి, పప్పులపొడి చేతి సంచిలో కాకుండా పెద్ద పెట్టెలో పెట్టండి. అమెరికా పోయే విమానాల్లో 350 మిల్లీలీటర్లకు మించిన పొడి చేతిలో ఉంటే పక్కకు పిలిచి వేరేగా చూస్తారు, గంటా యాభై నిమిషాల్లో విమానం మారాల్సిన వాళ్లకు ఆ పది నిమిషాలు కూడా ఖరీదే.

టికెట్టు కొన్నాక దాని మీది టైములు ఒకసారి మళ్లీ చూసుకోండి. నెలల ముందు కొన్న వాటికి కంపెనీలు టైములు జరపడం మామూలే, దోహాలో గంటా యాభై ఉన్నది గంటా పదికి తగ్గితే అల్లుడి చేత వెంటనే ఫోన్ చేయించి తర్వాతి విమానం అడిగించండి.